అరవై అయిదు వేల మీటర్ల ఆకుపచ్చ బట్ట

శాంత మా నేతగాండ్ల సొసైటీకి మొదటిసారి వచ్చిన నాడు కంప్యూటర్ రూము గడప బయట చెప్పులు విడిచి, లోపలికి తొంగిచూసి నవ్వింది. మిషిన్ మీద తెల్లగుడ్డ కప్పి ఉన్నది. దాని నొసటికి పసుపు, కుంకుమ. కింద కొబ్బరిచిప్పలు. మేనేజర్ పరశురాములు కొట్టించిండు. సిరిసిల్లల కొత్త సాంచె, అంటే కరెంటు మగ్గం, ఎక్కించిన నాడు కొబ్బరికాయ కొడ్తం. కంప్యూటర్ ఏం పాపం చేసిందని ఆయన మాట.

"దేవుని మీది గుడ్డ తియ్యొచ్చా కాకా?" అని నన్ను అడిగింది.

"తియ్యి బిడ్డా. జర గాలాడుతది" అన్న.

గంతే మా పరిచయం.

నేను గోదాము మనిషిని. పేరు రాజలింగం. ముస్తాబాద్ దిక్కు ఊర్ల ఏడో తరగతి దాక చదివిన. అటెన్క మగ్గం, అటెన్క సాంచె. సాంచాల చప్పుడుకు చెవులు మందగించినంక సొసైటీ వాళ్లు గోదాము తాళాలు చేతులవెట్టిండ్రు. బట్ట తాన్లు వస్తయి, లోపల పేరుస్త. లారీ వస్తది, ఎక్కిస్త, చిట్టీ రాస్త. మాట్లాడే పని తక్కువ. నాకు గదే మంచిగుండె.

శాంతది పెగడపల్లి దిక్కు పల్లె. ఊరి అవతలి వాడల, కూలికి పోయే ఇల్లు. తండ్రి సామేలు. జగిత్యాలల చదువుకుంట కంప్యూటర్ నేర్చుకున్నది. కోరుట్లల ఒక సెంటర్ల, దుబాయి పోదామనుకునే పోరగాండ్లకు పాఠం చెప్తుండె. ఆ సెంటరోళ్లే మాకు ప్రోగ్రాం రాసిచ్చేటందుకు పంపిండ్రు. తొంభై ఏడో సంవత్సరం అది.

ఆమె పని చేస్తుంటే నేను చూసేది. మిషిన్ ముట్టేముందు కాయితం మీద రాసేది. రాసింది కొట్టేసేది. మల్ల రాసేది. నోట్లె పెన్ను పెట్టుకోని కిటికీల నుంచి లారీల దిక్కు చూసేది. మా నేతపనిల డిజైను గీసెటోళ్లు గూడ గట్లనే చూస్తరు, చూపు బయట, మనసు లోపల.

ఒకనాడు పరశురాములును అడిగింది. "సార్, ఏడాదికి బయటికి పోయే బట్ట ఎక్కువల ఎక్కువ ఎంతుంటది?"

"ఎంతంటవ్, నాలుగు వేల తాన్లు. పోనీ అయిదు వేలు."

"ఇంకా ఎక్కువ కాదా?"

"పదివేల తాన్లు పోయిననాడు నిన్ను ఏనుగు మీద ఊరేగిస్త."

"వద్దు సార్, పడ్త" అని నవ్వింది. "అయితే ఇంట్ చాలు."

ఆయన పోయినంక నేను అడిగిన, ఇంట్ అంటే ఏందని. నేను అడుగుడే తక్కువ గనుక ఆమె పెన్ను పక్కకు పెట్టి చెప్పింది.

"పెట్టె అనుకో కాకా. మిషిన్‌ల ఒక్కో అంకెకు ఒక్కో పెట్టె చెయ్యాలె. ఏ పెట్టె ఎంత పెద్దగుండాల్నో ముందుగాల్నే చెప్పాలె. చిన్న పెట్టె పేరు ఇంట్. ఈ మిషిన్‌ల దాంట్ల ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఏడు దాక పడ్తది. పెద్ద పెట్టె పేరు లాంగ్. దాంట్ల కోట్లు పడ్తయి. కానీ జాగ రెండింతలు తింటది."

"అయిదు వేలకు చిన్నది చాలుగద."

"గదే నేనన్నది."

ఇద్దరం సరే అనుకున్నం. సిరిసిల్లల ఎవలను అడిగినా గదే మాట అందురు. బట్ట అంటే మాకు తాను. ఇరవై చిల్లర మీటర్ల ముక్క, మడత పెట్టి భుజం మీద ఏసుకునేది. ఎన్ని తాన్లు దిగినయని అడుగుతరు గని ఎన్ని మీటర్లని ఇంట్ల మనిషి ఇంట్ల మనిషిని అడగడు. మీటరు దుకాణపోళ్ల మాట. ఆ పిల్ల మా మాట విని మాకు తగ్గ పెట్టె చేసింది. పని ముగిసినంక చెప్పులేసుకోని కోరుట్ల పోయింది.

మరుసటేడు సర్కారు దవాఖానల ఆర్డరు వచ్చింది. పరదాలు, దుప్పట్లు. ఆకుపచ్చ రంగు. అద్దకం అయినంక బట్ట గుంజుకపోతది, ఒక తాను పొడుగు ఇంకొక తానుకు రాదు. అందుకే వాళ్లు తాన్లు మాకొద్దు, మీటర్లల్ల లెక్క చెప్పుండ్రని రాసిండ్రు. పరశురాములు కంప్యూటర్ కాడ కూసోని, ఒక్క వేలుతోని కొట్టుకుంట, ఇన్నాళ్లు తాన్లు ఎక్కించిన గడిలనే మీటర్లు ఎక్కించిండు. తాన్ల పెట్టెల మీటర్లు పడ్తయా అని ఎవలకు తోచలే. ఎందుకు తోస్తది? పెట్టె కండ్లకు కనవడేది కాదాయె.

ఏడాది ముగిసింది. ప్రింటర్ కిర్రుకిర్రుమని కాయితం కక్కింది. పరశురాములు దాన్ని పట్టుకోని గోదాముకొచ్చిండు. మొఖం చూస్తెనే నాకర్థమైంది, ఏదో తక్కువచ్చిందని.

"రాజలింగం, బట్టేది?"

"ఏ బట్ట?"

"పచ్చ బట్ట. నేను చేత్తో కూడిన, లోపలికి వచ్చింది డెబ్బై నాలుగు వేల తొమ్మిది వందల మీటర్లు. నీ గోదాముల ఉన్నది మూడు వేల ఆరువందల అరవై. మిగిలింది?"

"లారీలల్ల పోయింది."

"లారీలల్ల పోయింది అయిదు వేల ఏడు వందల నాలుగు మీటర్లే అంటున్నదిది."

"తప్పంటున్నది."

"మనిషి తప్పంటడు. మిషిన్ అంటదా?" అని, ఆయన నా ముంగటనే కాయితం కింద తీసివేత చేసిండు. లెక్కకు రాని బట్ట అరవై అయిదు వేల అయిదు వందల ముప్పై ఆరు మీటర్లు.

పరశురాములు చెడ్డ మనిషి గాదు. భయస్తుడు. సంఘం పెద్దలకు చెప్పిండు. పెద్దలు చాయ హోటళ్లల్ల చెప్పిండ్రు. ఆ నెలల్నే ఎక్కడో గుట్టల్ల పోలీసులకు అన్నలు, అంటే నక్సలైట్లు, దాచిన డంపు దొరికింది. అండ్ల కుట్టుమిషిన్, పచ్చబట్ట దొరికినయని పేపర్ల వచ్చింది. ఈ మాట, ఆ మాట చాయ హోటల్ల ఒక్క బెంచీ మీద కూసున్నయి.

పోలీసు జీపు మా గల్లీల ఆగింది పొద్దుగాల. ఆ రోజులు చూసినోళ్లకు చెప్పే పని లేదు. చూడనోళ్లకు ఒక్కటి చెప్త. జీపు ఆగినంక మా గల్లీల సాంచాలు ఒకటెన్క ఒకటి ఆగినయి. మా ఇంటి పక్కది, దాని అవతలది, మూల మీదిది. చివరికి, నా మందగించిన చెవులకు గూడ ఎక్కడో కోడి అరిచింది ఇనవడ్డది.

ఊరి బయట పాత రైసుమిల్లుల వాళ్ల క్యాంపు. అన్నల కోసం పెట్టిన పోలీసు పార్టీ. ఎస్సై కొత్తగ వచ్చిండు, చిన్న వయసు, కోస్తా దిక్కు మాట. నన్ను ఊక నింపిన బస్తాల పక్కన కూసోపెట్టి అడిగిండు.

"అరవై అయిదు వేల మీటర్లు. ఎన్ని వేల డ్రెస్సులవుతాయో తెలుసా నీకు?"

"సార్, అది దవాఖాన పచ్చ. గది తొడుక్కోని అడివిల నిలవడితే కోడిపిల్ల గూడ గుర్తువడ్తది."

ఒక కానిస్టేబుల్ కిసుక్కున నవ్విండు. ఎస్సై చూసేసరికి మూతి ముడిచిండు. నాకు గూడ మాట తగ్గించుకోవాల్నని సమజైంది.

"చిట్టీలు కూడుండ్రి సార్. ప్రతి లారీకి చిట్టీ ఉన్నది."

"చిట్టీలు నువ్వే రాశావు. ఆసుపత్రుల రసీదులు ఇంకా రాలేదు. కంప్యూటర్ నువ్వు రాసింది కాదు. దేన్ని నమ్మమంటావ్?"

అరికాళ్ల సంగతి రాయను. ఆ మిల్లుల నుంచి ఇంతకుముందు ఇంటికి తిరిగిరాని వాళ్ల పేర్లు మా గల్లీల అందరికీ తెలుసు. గది నాకూ తెలుసు, ఎస్సైకీ తెలుసు.

లసుమవ్వ, నా భార్య, పరశురాములు ఇంటి ముంగటి గద్దె మీద కూసున్నదట. లెవ్వమంటే లెవ్వదు. మంచినీళ్లిస్తే తాగదు.

"వదినె, మిషిన్ చెప్పినంక నేనేం చెప్త?" అన్నడట ఆయన.

"ఆ మిషిన్‌కు చెప్పుడు నేర్పిందెవలు?"

"కోరుట్ల పిల్ల."

"అయితే ఆ పిల్లనే అడుగుత. పోయిన బట్ట ఎంతనో సక్కగ చెప్పు."

లసుమవ్వకు చదువు రాదు. ఆయన చెప్పింది మూడుసార్లు చెప్పించుకోని బస్సెక్కింది. వేములవాడ మీదికెల్లి కోరుట్ల. తొవ్వ పొంటి ఆ అంకెనే మననం చేసుకుంట పోయింది, ఎక్కడ ఒక్క ముక్క జారిపోతదో అని. కండక్టర్ వచ్చి ఏడికవ్వా అంటే "అరవై అయిదు వేల అయిదు వందల ముప్పై ఆరు" అన్నదట. ఆయన టికెట్ల కట్ట పట్టుకోని నిలవడి, "గంత దూరం మా బస్సు పోదవ్వా" అన్నడట. బస్సంత నవ్విందట. ఈమె గూడ నవ్విందట. ఏడ్పుల నవ్వు అట్ల ఎందుకొచ్చిందో ఇప్పటికీ ఆమెకు తెల్వదు.

సెంటర్ మెట్ల మీద శాంత ఎదురైంది. లసుమవ్వ జరిగింది చెప్పి, అంకె చెప్పింది.

"మల్ల చెప్పవ్వా" అన్నది శాంత.

చెప్పింది.

"ముప్పై అయిదు కాదా? ముప్పై ఏడు కాదా?"

"ముప్పై ఆరే బిడ్డా. పొద్దటి సంది గది తప్ప నేనేం నమలలే."

శాంత ఆ మెట్టు మీదనే కూలవడ్డది. "అవ్వా, బట్ట ఎటు పోలేదు. నా పెట్టె చిన్నగైంది. మీటర్లు ఎక్కించిండ్రా ఏంది?"

లసుమవ్వకు పెట్టె సంగతి తెల్వదు. బట్ట పోలేదన్న మాట ఒక్కటి పట్టుకున్నది. "అయితే ఒక చిట్టీ రాసియ్యి బిడ్డా. నేను పట్టుకపోయి ఆ సారుకిస్త."

శాంత లసుమవ్వను పక్కన కూసోపెట్టుకున్నది. అటెన్క చెప్పింది. వాళ్ల చిన్నాయిన మొగిలి అడివికి పోయి చాన రోజులైంది. అప్పటి సంది పోలీసులు వాళ్లింటి మీద కన్నేసి ఉన్నరు. ఎవలు పిలిచినా ఏ ఠాణ గడప తొక్కొద్దని, సామేలు బిడ్డతోని బైబిలు మీద ఒట్టేయించుకున్నడు.

"మరి వద్దు బిడ్డా" అన్నది లసుమవ్వ. మొగడు మిల్లుల ఉన్నా గూడ ఆ మాటన్నది. "నువ్వు రావద్దు. చిట్టీ రాయి, చాలు."

"చిట్టీ మాట ఇనరవ్వా. కాక రాసిన చిట్టీలు ఇన్నరా? చూపిస్తే నమ్ముతరు. చూపియ్యాల్నంటే నేనే రావాలె." చెప్పులేసుకున్నది. "మా బాపుకు నేను చెప్పుకుంట."

మిల్లు గేటు కాడ శాంతను చూసినప్పుడు నేను గుర్తుపట్టలే. పరశురాములు గూడ ఎన్కనే ఉన్నడు. లసుమవ్వ ఆయనను ఇంట్ల నుంచి గుంజుకొచ్చిందట. ఎస్సై కుర్చీల కూసోని చాయ తాగుతున్నడు.

"ఎవరమ్మా నువ్వు?"

"సొసైటీ ప్రోగ్రాం రాసింది నేనే సార్. తప్పు నా ప్రోగ్రాంల ఉన్నది. ఈ కాకది ఏం తప్పు లేదు."

"కంప్యూటర్ తప్పు చేస్తుందా?"

"అది చెయ్యది సార్. దానికి చెప్పినోళ్లు చేస్తరు. నేను చెప్పిన."

ఆమె పైట కొంగు గట్టిగ పట్టుకోని ఉన్నది. గేటు బయట నిలవడ్డ జీపు దిక్కు చూపెట్టింది.

"మీ జీపుల కిలోమీటర్ల మీటరుకు ఎన్ని గడులున్నయి సార్?"

ఎస్సై డ్రైవర్ దిక్కు చూసిండు. "అయిదు సార్" అన్నడు డ్రైవర్.

"అన్ని గడులల్ల తొమ్మిదులు వచ్చినంక ఇంకొక్క కిలోమీటర్ పోతే?"

"సున్నాలొస్తయి."

"గప్పుడు జీపు కొత్తదైతదా అన్నా?"

"అయితే నాకు ఈ తిప్పలెందుకు చెల్లే" అన్నడు డ్రైవర్. ఎస్సై చాయ గ్లాసు కిందపెట్టిండు. ఇనడం మొదలువెట్టిండని నాకు అప్పుడు తెలిసింది.

"గిది గూడ గట్లనే సార్. నేను పెట్టిన పెట్టెకు పదహారు గడులు, గడికి సున్నానో ఒకటో. ఒక గడి ప్లస్సా మైనస్సా అనే గుర్తుకు పోతది. మిగిలినదాంట్ల ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఏడు దాక పడ్తది. ఇంకొక్కటి ఏస్తే ఆ గుర్తు గడి తిరగవడ్తది. మీదికి పోవాల్సిన అంకె దబ్బున అడుగుకు పడ్తది, మైనస్ ముప్పై రెండు వేలకు. ఆడికెల్లి మల్ల మెల్లగ ఎక్కుతది. ఒక్క చుట్టు తిరిగేసరికి సరిగ్గ అరవై అయిదు వేల అయిదు వందల ముప్పై ఆరు లెక్కల నుంచి మాయమైతది. ఒక్కటి ఎక్కువ గాదు, ఒక్కటి తక్కువ గాదు. మీ కేసుల గదే అంకె ఉన్నది. దొంగ అయితే గంత సరిగ్గ కొలుచుకోని ఎత్కపోతడా సార్?"

"దొంగకి కూడా లెక్కలు వచ్చేమో" అన్నడు ఎస్సై. కానీ లేచిండు. "చూపించు. చూపించలేకపోతే నీ సంగతి కూడా చూస్తాను."

అందరం సొసైటీకి పోయినం. నన్ను జీపు ఎనుక ఎక్కించిండ్రు. నడువ రాకుంటే కానిస్టేబుల్ భుజం పట్టి దించిండు, నా కోడిపిల్ల మాటకు నవ్వినాయన. సాంచాలు బందువెట్టి మంది సొసైటీ వాకిట్లకు వచ్చిండ్రు.

ఈసారి శాంత చెప్పులు విడవలే. గుడ్డ తీసి, కూసోని, రెండు మూడు లైన్లు కొట్టింది. "పరశురాములు సార్ లారీకి లారీ ఎక్కించిండు. ఆ లెక్కలన్ని లోపల్నే ఉన్నయి. కాయితం మీద మొత్తం ఒక్కటే వచ్చింది. ఇప్పుడు లారీకి లారీ కూడుకుంట చూపిస్త" అన్నది. నా చిట్టీల కట్ట ఎస్సై చేతుల ఉండె. లారీ లారీకి ఆయన చిట్టీ తిప్పి చూసుకుంటున్నడు. చిట్టీల ఉన్న అంకె, తెర మీది అంకె ఒక్కటే. తెర మీద మొత్తం పెరుగుకుంట పోతున్నది. ముప్పై వేల తొమ్మిది వందల కాడ ఆమె వేలు ఆపింది.

"ఇగో సార్, తర్వాత లారీ రెండు వేల నాలుగు వందలు. ముప్పై మూడు వేల మూడు వందలు రావాలె."

మీట నొక్కింది. తెర మీద మైనస్ ముప్పై రెండు వేల రెండు వందల ముప్పై ఆరు.

ఎస్సై వంగి చూసిండు. "ఇదేంటి, మైనస్ బట్ట?"

"నేసింది మల్ల ఇప్పిండ్రేమో సార్" అన్నడు కానిస్టేబుల్.

ఈసారి ఎస్సై గూడ నవ్విండు. శాంత నవ్వలే. మిగిలిన లారీలు ఒక్కొక్కటే తిప్పింది. మైనస్ తగ్గుకుంట, తగ్గుకుంట సున్నా దాటి, చివరికి అయిదు వేల ఏడు వందల నాలుగు కాడ ఆగింది. పరశురాములు కాయితం మీద ఉన్న అంకె అదే.

అటెన్క ఆమె ప్రోగ్రాం తెరిచి ఒక్క మాట చెరిపి ఇంకొక మాట కొట్టింది. ఇంట్ పోయింది, లాంగ్ వచ్చింది. అంకె అచ్చేసే కాడ గూడ ఏదో చిన్నగ మార్చింది. మల్ల మొదటి సంది తిప్పింది. డెబ్బై ఒక్క వేల రెండు వందల నలభై. పరశురాములు వేళ్ల మీద కూడిండు. గోదాముల ఉన్న మూడు వేల ఆరు వందల అరవై కలిపితే సరిగ్గ డెబ్బై నాలుగు వేల తొమ్మిది వందలు. ఆయన గోడకు ఒరిగి కండ్లు తుడుచుకున్నడు.

"తాన్లని నేనే చెప్పిన సార్" అన్నడు ఎస్సైతోని. "మీటర్లు కొట్టింది నేనే. ఆ పిల్ల తప్పు గూడ గాదు."

"నేను హద్దు పెట్టలే గద" అన్నది శాంత.

ఎస్సై చిట్టీల కట్ట నా చేతికిచ్చిండు. "ఇంటికి పో రాజలింగం." అటెన్క శాంతను అడిగిండు. "పేరు, ఊరు చెప్పమ్మా. రాసుకోవాలి."

ఆమె చెప్పింది. పెగడపల్లి అనంగనే ఆయన పెన్ను ఆగింది.

"సామేలు కూతురివా? మొగిలి ఏమవుతాడు నీకు?"

తెల్వదు అనొచ్చు. అనలే. "మా చిన్నాయిన సార్."

నవ్విన కానిస్టేబుల్ నేల దిక్కు చూస్తున్నడు. "నాలుగు మాటలు అడిగి పంపిస్తాం. జీపు ఎక్కు" అన్నడు ఎస్సై.

ఆమె లేచి నడిచింది. మంది తొవ్వ ఇచ్చిండ్రు. జీపు ఎనుక ఎక్కి, బెంచీ మీద చేతులు ఒళ్లె పెట్టుకోని కూసున్నది. ఆ బెంచీ మీద నేను కూసోని వచ్చిన జాగ ఇంకా ఉన్నది.

నేను ఆలోచన చెయ్యలే. ఆలోచన చేసేటోన్నైతే చెయ్యకపోదునేమో. కుంటుకుంట పోయి జీపు ఎక్కిన. ఆమె పక్కన కూసున్న.

"నిన్ను వదిలేశాం కదయ్యా. దిగు."

"ఆమె దిగినంక దిగుత సార్."

"పిచ్చి పట్టిందా? మళ్లీ మిల్లుకు పోతావా?"

"ఆమె నా కొరకు వచ్చింది."

గంతకన్న ఎక్కువ నాకు రాలే. లసుమవ్వ కొంగు నడుముకు చెక్కుకోని ఎక్కింది. "జర జరుగు" అన్నది నన్ను, పెండ్లి బస్సుల చోటు దొరికినట్టు. పరశురాములు వాకిట్ల నిలవడి జీపును చూసిండు, మందిని చూసిండు. అటెన్క వచ్చి ఎక్కిండు. లావు మనిషి. జీపు ఒక దిక్కు వంగింది. ఆయన ఎన్క ఇంకో ఇద్దరు నేతగాండ్లు వచ్చి కాలు పెట్టే జాగ చూస్తున్నరు.

"సార్, జీపు కమానులు ఇరుగుతయి" అన్నడు డ్రైవర్, స్టీరింగ్ మీదికెల్లి.

ఎస్సై టోపీ తీసి, నెత్తి గోక్కోని, మల్ల పెట్టుకున్నడు. మా దిక్కు చూడకుంట శాంతను అడిగిండు.

"అతన్ని ఎప్పుడు చూశావు చివరిసారి?"

"నేను పదో తరగతిల ఉన్నప్పుడు సార్."

"సరే. దిగండి. అందరూ దిగండి."

జీపు పోయింది. దుమ్ము కూసున్న దాక ఎవ్వలం కదలలే. అటెన్క మూల మీది సాంచె నడిచింది. దాని పక్కది నడిచింది.

పోదాం బిడ్డా అంటే శాంత ఇనలే, మల్ల రూములకు పోయింది. "పని ఒడువలేదు కాకా." ఆమె ఏం చేస్తున్నదో నాకు చూపెట్టింది. మిషిన్ మిషిన్‌కు పెట్టెల కొలతలు మారుతయట. అందుకే ఆ మిషిన్‌కు భాష చేసినోళ్లు ఏ పెట్టెల ఎంత దాక పడ్తదో ముందుగాల్నే ఒక జాగల రాసి పెడ్తరట. దాని పేరే లిమిట్స్, హద్దులు. "వాళ్లు రాసిపెట్టే ఉంచిండ్రు. నేను తెరిచి చూడలే" అన్నది. ఆ హద్దును తన ప్రోగ్రాం పైన పిలిచి, ఏ లారీ ఎక్కించినా ముందు హద్దు అడిగి చూసేటట్టు రాసింది. పట్టకుంటే మిషిన్ ఊకోకుంట, పట్టదు అని చెప్పి ఆగుతది.

"గిట్ల చెప్పుడు మనుషులకు గూడ రావాలె" అన్నడు పరశురాములు.

బస్టాండ్ల కోరుట్ల బస్సు నిలవడి ఉన్నది. శాంత కిటికీ కాడ కూసున్నది. లసుమవ్వ కొంగుల కట్టిన పల్లీలు ఆమె చేతుల పోసింది.

"పెద్ద పెట్టెకు గూడ హద్దున్నది కాకా" అన్నది శాంత.

"ఎంత?"

"రెండు వందల పద్నాలుగు కోట్ల చిల్లర."

"అన్ని మీటర్లు నేసేనాటికి నీ మనుమరాండ్లకు పండ్లూడుతయి తియ్యి" అన్నది లసుమవ్వ. అప్పుడు నవ్వింది ఆ పిల్ల, కొబ్బరిచిప్పలను చూసి నవ్విన నవ్వు. నేను చెప్పాల్సిన మాట చెప్పకముందే బస్సు పోయింది.

పోలీసులు రెండుసార్లు సామేలు ఇంటికి పోయి కూసున్నరని తర్వాత తెలిసింది. ఏం చెయ్యలే, అడిగి వచ్చిండ్రు. ఆ మాట ఇన్న ఆదివారం లసుమవ్వ, నేను పెగడపల్లి దిక్కు పోయినం. అరికాళ్లు అప్పటికి నడువనిస్తున్నయి. తొవ్వల ఒక్క మాట తయారు చేసుకున్న, ఈసారి గూడ చెప్పకుంట రావొద్దని.

సామేలు అప్పుడే ప్రార్థన నుంచి వచ్చి వాకిట్ల నిలవడ్డడు. సన్నటి మనిషి. తెల్లంగి. మా పేర్లు చెప్పంగనే ఎవలమో తెలుసుకున్నడు. ఆయన మొఖంల ఏం కనవడలే.

"సామేలన్నా, నీ బిడ్డ నా కోసం ఒట్టు తప్పింది. ఆమెను ఏం అనకు" అన్న.

"అననే అన్న. తిట్టిన" అన్నడు. "ఒక పూట మాట్లాడలే." తువ్వాలతోని మొఖం తుడుచుకోని, "నాకు భయం గద అన్నా" అన్నడు.

"నాకు తెలుసు."

"తెలుస్తది, నీకు తెలుస్తది." ఆయన నా కాళ్ల దిక్కు చూసిండు. అటెన్క లోపలికి తిరిగి, "శాంతా, మనుషులొచ్చిండ్రు, ఇంకో రెండు తలెలు పెట్టు" అని పిలిచిండు. మా దిక్కు తిరిగి, "మా ఇంట్ల తింటరా?" అని అడిగిండు, మెల్లగ.

నేను జవాబు చెప్పేలోపల్నే లసుమవ్వ చెప్పులిడిచి, చెంబు నీళ్లతోని చేతులు కడుక్కోని, పీట మీద కూసున్నది. నేను ఆమె పక్కన కూసున్న. మక్కగటక, పచ్చిపులుసు, ఎండుచేపల కూర. శాంత వడ్డిస్తుంటే చాలు అనాల్సిన కాడ గూడ నేను చాలు అనలే.